మెరవని వైపు

ఆర్కైవు భవనం, రెండో అంతస్తు, స్కానింగు గది
జూన్ 3

అత్తకు,

ఫోను చేస్తే నీకు వినపడదు. వినపడకపోయినా ఊఁ కొడతావు. చివరికి నేను అడిగింది ఒకటి, నువ్వు ఒప్పుకున్నది ఇంకొకటి అవుతుంది. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువుకో, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతక్కు.

నాన్న స్టూడియో పెట్టెలు మా ఆఫీసుకొచ్చాయి. మొత్తం పదిహేను. ఆయన పోయాక నాలుగేళ్ళుగా గోడౌనులో పడి ఉన్న ఫిల్ములూ స్లైడులూ అన్నీ స్కాన్ చేసి డిజిటల్ ఆర్కైవులో పెడదామని మా మేడమ్ పట్టుబట్టి తెప్పించారు. సొంత తండ్రి సరుకు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తావని పని నాకే అప్పగించారు. సెప్టెంబరు ఒకటిన జనానికి తెరుస్తారు. సంగ్రహానికి నాన్న పేరే పెడుతున్నారు. ఆ కాగితం చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

కానీ అత్తా, గీతలు లేని ఫిల్ము ఒక్కటుంటే ఒట్టు. రంగు స్లైడులతో బాధ లేదు. మా స్కానరులో కంటికి కనిపించని కాంతి ఒకటుంటుంది. అది రంగుల్లోంచి దూసుకుపోయి దుమ్మునీ గీతలనీ మాత్రమే పట్టుకుంటుంది, మిగతా పని కంప్యూటరు చూసుకుంటుంది. నలుపు తెలుపు ఫిల్ము దగ్గరికొచ్చేసరికి దాని తెలివి తెల్లారిపోయింది. అందులో బొమ్మంతా వెండి కదా, ఆ కాంతికి మనిషి మొహం కూడా దుమ్ములాగే కనిపిస్తుందట. మొదటి రోజు ఓ పెద్దమనిషి మొహాన్ని సగం చెరిపేసి, శుభ్రం చేశానని చూపించింది.

అందుకని చేత్తోనే తుడుస్తున్నాను. ఫిల్ముకి మెరిసే వైపు శుభ్రం చేసే మందుతో తుడవాలి, మెరవని వైపు మెత్తటి బ్రష్షుతో దులిపి వదిలెయ్యాలి, అది మా రూలు. కానీ ఆ రెండో వైపున మొహాల మీద ఏదో బూడిదరంగు మురికి ఉంది. బుగ్గల మీద, కళ్ళ కింద, సరిగ్గా మొహాల మీదే. నాన్న తీసిన మొహాలు అలా మురిగ్గా ఉంటే నేను చూస్తూ ఊరుకుంటానా? దూదికి మందు అద్ది రెండు వైపులా తుడిచేశాను. ఎంత హాయిగా వచ్చేసిందో. రెండు పెట్టెలు పూర్తయ్యాయి, నాలుగు వందల పన్నెండు ఫిల్ములు. మెడ పట్టేసింది కానీ కడుపు నిండింది.

నాన్న ఫొటోల గురించి నీకు గుర్తున్నవి రాయి. ఆర్కైవులో పెడతాం.

నీ గడుగ్గాయి


మేడమీద గది నుంచి
జూన్ 12

గడుగ్గాయికి,

ఉత్తరం అందింది. కళ్ళజోడు నెత్తిమీద లేదు, మొన్న కంటి ఆపరేషను అయ్యాక దాంతో పని తగ్గింది. చెవుల సంగతి నీకు తెలిసిందే.

మూడో పెట్టె ముట్టుకోకు. మేడమ్ అడిగితే ఏదో ఒకటి చెప్పు. మందు సీసా బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

తుడిచిన వాటిలోంచి ఒక్క మొహం, ఆడమనిషిది, పెద్దగా ప్రింటు వేసి పంపు.

మీ నాన్న ఫొటోల గురించి రాయడానికి ఇప్పుడు నాకు చెయ్యి ఆడటం లేదు.

నీ అత్త


స్కానింగు గది
జూన్ 20

అత్తకు,

అంత పొడి ఉత్తరం నువ్వు నా జన్మలో రాయలేదు. ఒంట్లో బాగాలేదా, నా మీద కోపమా? బాగాలేకపోతే చెప్పు, శనివారం బస్సెక్కుతాను. కోపమైతే ఎందుకో చెప్పు, సోమవారం ఎక్కుతాను.

మూడో పెట్టె ముట్టుకోలేదు. స్కానరుకు బల్బు పోయిందని మేడమ్‌కి అబద్ధం చెప్పాను. ఆవిడ కొత్త బల్బు తెప్పించారు. రేపు అది కూడా పోతుంది.

ప్రింటు పంపుతున్నాను. నేను శుభ్రం చేసిన వాటిలో ఇదే మేలైనది. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. బుగ్గల నిండా మశూచి మచ్చలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చూపు మాత్రం నిబ్బరంగా ఉంది. నాన్న ఫొటోల్లో అందరూ నున్నగా, బొమ్మల్లా ఉంటారని మనవాళ్ళు అనేవారు కదా. మురికి తీసేస్తే ఎంత నిజమైన మొహాలో చూడు. మేడమ్‌కి నచ్చి, దీన్ని నిలువెత్తు చేయించి కింద వరండాలో పెట్టించారు. "ఈ మనుషులు మీకు తెలుసా" అని పక్కన బోర్డు. తెలిసినవాళ్ళు వచ్చి పేర్లు చెప్తారని.

ఒక చిన్న వింత. కొన్ని ఫిల్ముల మీద కళ్ళజోళ్ళ అద్దాల దగ్గర బ్లేడుతో గీకినట్టు సన్నటి గీతలున్నాయి. తుడిస్తే పోలేదు. కంప్యూటర్లో పూడ్చేశాను.

నీ గడుగ్గాయి


మేడమీద గది
జూలై 1

అమ్మాయికి,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది.

నువ్వు తుడిచింది మురికి కాదు. నా పని.

చిన్నప్పుడు నువ్వు స్టూడియోకి వస్తే లోపలి గదిలో కిటికీ దగ్గర వంగి కూర్చుని ఉండేదాన్ని, గుర్తుందా? ఏం చేస్తున్నావంటే ఉత్తరాలు రాసుకుంటున్నానని చెప్పేదాన్ని. ఏటవాలు బల్ల, మధ్యలో గాజుపలక, కింద అద్దం. కిటికీ వెలుతురు ఆ అద్దం మీద పడి ఫిల్ములోంచి పైకొచ్చేది. పెన్సిలును గరుకు కాగితం మీద అరగదీసి అంగుళం పొడవున సూదిలా చేసుకునేదాన్ని. ఫిల్ము మెరవని వైపున జిగురు మందు ఒక్క చుక్క రాసి, అది ఆరాక మొదలు. ఫిల్ములో నలుపు తెలుపులు తారుమారు కదా, మొహం మీద గుంట ఉంటే అక్కడ ఫిల్ము పలచగా ఉంటుంది. ఆ పలచన పూడేదాకా చిన్న చిన్న గీతలు పెట్టాలి. ఎక్కువైతే ప్రింటులో తెల్లమచ్చ వస్తుంది, తక్కువైతే పెట్టినా పెట్టనట్టే. ఒక్కో మొహానికి ముప్పావుగంట. దాన్ని రీటచింగ్ అంటారు. బ్లేడుతో గీకింది కూడా నేనే, కళ్ళజోళ్ళ మీద మెరుపు తగ్గడానికి. దాన్ని కూడా పూడ్చేశావు. నీ చేతికి ఏదీ మిగల్లేదన్నమాట.

అలా ఇరవై రెండేళ్ళు చేశాను. రంగు ఫిల్ములొచ్చి ఆ పని పోయేదాకా. మీ నాన్న లైటింగులో మహిమ ఉందని ఊరంతా అనుకునేది. మహిమ లోపలి గదిలో ఉండేది. ఆ ఇరవై రెండేళ్ళకీ నా దగ్గర కాగితం లేదు, జీతం రసీదు లేదు, ఫొటో వెనక సంతకం లేదు. ఉన్న ఆనవాలు ఆ గీతలే. అందులో నాలుగు వందల పన్నెండు నువ్వు దూదితో తుడిచి చెత్తబుట్టలో వేశావు. చదివినప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. దాచుకోను.

మెరిసే వైపు దుమ్ము ఉంటుంది. మెరవని వైపు నేనుంటాను. ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుస్తుందిలే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. నువ్వు పంపిన ఆవిడ నాకు తెలుసు. ఫొటో దిగాక నేరుగా లోపలి గదికి వచ్చింది. అలా ఎవరూ వచ్చేవారు కాదు, ఆ గది సంగతి ఎవరికీ తెలియదు కూడా. ఆవిడ కనిపెట్టింది. జబ్బుతో ఉన్నాననీ, ఎన్నాళ్ళుంటానో డాక్టర్లకే తెలియదనీ చెప్పింది. "పిల్లలకి ఈ మొహం మిగలకూడదమ్మా, నున్నగా చెయ్యి" అంది. చేస్తానని మాటిచ్చాను. మూడు రోజులు ఆ ఒక్క ఫిల్ము మీదే కూర్చున్నాను. నేను చేసిన వాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

ఆ మొహాన్ని నువ్వు నిలువెత్తు చేసి, మచ్చలు లెక్కపెట్టుకోమని వరండాలో పెట్టావు. ఈ ఉత్తరం అందిన రోజే దాన్ని దింపెయ్యి.

అత్త


స్కానింగు గది
జూలై 9

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి మెట్ల మీద కూర్చున్నాను. రూలు ఉండి కూడా మీరాను. మెరవని వైపు ముట్టుకోవద్దని మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నాన్న మీద ప్రేమతో ముట్టుకున్నాను. వేరేవాళ్ళ తండ్రి ఫొటోలైతే ముట్టుకునేదాన్ని కాదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మేడమ్‌కి అంతా చెప్పేశాను, బల్బు సంగతితో సహా. చీవాట్లు గట్టిగానే పడ్డాయి, నెలరోజులు మందు సీసా నాకు అందని చోట ఉంటుంది. అయ్యాక ఆవిడ మూడో పెట్టె తెరవమన్నారు. గది దీపాలు ఆర్పి, ఫిల్ముకి పక్కనుంచి ఒక చిన్న లైటు పెట్టి చూశాం. అత్తా, నీ గీతలు కనిపించాయి. వేలకు వేలు. వెంట్రుకకన్నా సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, ఒక్కటి కూడా పక్కదాన్ని తొక్కలేదు. మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు.

పని నీదని రుజువేమిటని ఆవిడ అడిగారు. స్టూడియో నాన్నది కాబట్టి ఆయనే చేసి ఉండొచ్చు కదా అన్నారు. అప్పుడు నేను చూశాను. గీతలన్నీ ఎడమచేతివాళ్ళు గీసినట్టు వాలి ఉన్నాయి. నాన్నది కుడిచేతి వాటం. మనింట్లో ఎడమచేత్తో రాసేది నువ్వొక్కదానివే. మేడమ్ భూతద్దంతో పదిహేను ఫిల్ములు చూసి ఒప్పుకున్నారు. ఆర్కైవులో ప్రతి ఫొటో కింద "తీసినవారు" అని ఒక గడి ఉంటుంది. పక్కన "దిద్దినవారు" అని ఇంకో గడి పెట్టి నీ పేరు రాద్దామన్నారు. పక్కలైటుతో తీసిన ఫొటోలు కూడా పెడితే, ముందు ఎలా ఉంది, నువ్వు దిద్దాక ఎలా ఉంది అని చూసినవాళ్ళకి తెలుస్తుంది. నువ్వు సరేనంటే చాలు.

వరండాలో బొమ్మ మాత్రం ఇంకా గోడ మీదే ఉంది. ఎందుకో ఇప్పుడు రాయలేను. కోప్పడకు.

నీ గడుగ్గాయి


మేడమీద గది
జూలై 18

గడుగ్గాయికి,

ఎడమచెయ్యని చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నానో. అది ఇన్నాళ్ళకి సాక్ష్యానికి పనికొచ్చిందంటే నవ్వొచ్చింది. పక్కింటావిడ వచ్చి, ఒంటరిగా నవ్వుకుంటున్నావేమిటని అడిగింది. చెవిటిదాన్ని కదా, విననట్టు ఊరుకున్నాను.

కానీ గడి వద్దు. నా పని ఇదీ అని చూపించాలంటే గీతలు చూపించాలి. గీత ఎక్కడుందో చూపిస్తే మచ్చ ఎక్కడుందో చూపించినట్టే. వాళ్ళు దాచుకోమని నాకిచ్చిన వాటిని, నాకు పేరు కావాలని ఊరందరి ముందూ పరుస్తానా? మాట ఇచ్చింది మీ నాన్న కాదు, నేను.

నీకో నిజం చెప్తాను, ఎవరికీ చెప్పనిది. స్టూడియోకి పాతికేళ్ళు నిండినప్పుడు మీ నాన్నకి శాలువా కప్పారు. మూడో వరసలో కూర్చున్నాను. అప్పుడు చెవులు పనిచేసేవి. మైకు ముందు ఆయన కెమెరాకి దండం పెట్టాడు, గురువుకి పెట్టాడు, గిరాకీలకి పెట్టాడు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చివరిదాకా కూర్చున్నాను. ఇంటికొచ్చాక, అన్నయ్యా బాగా మాట్లాడావు అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. లోపలి గది సంగతి తెలిస్తే జనం రారని భయపడేవాడు. నాకు తెలుసు. తెలిసినా కష్టంగానే ఉండేది.

కాబట్టి పేరు వద్దన్నానంటే ఆశ లేక అనుకోకు. ఆశ ఉండే వద్దంటున్నాను.

ఆ బొమ్మ ఎందుకు దింపలేదు? నా మాటకి ఆ మాత్రం విలువ లేదా?

అత్త


స్కానింగు గది
జూలై 27

అత్తా,

రాస్తున్నాను. నీకు బాధ కలుగుతుందని ఇన్నాళ్ళూ దాచాను. మన ఇంటి జబ్బు నాకూ ఉంది.

దింపెయ్యమన్న నీ ఉత్తరం అందిన రోజే స్టూలు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. బొమ్మ ముందు ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి, మెడలో బట్టల కొలతల టేపు, వీధి చివర కుట్టుపని చేస్తుందట. పొద్దుటినుంచీ అక్కడే ఉందని వాచ్‌మన్ చెప్పాడు. కొంచెం జరగండి, బొమ్మ దింపాలి అన్నాను. ఆవిడ జరగలేదు. మా అమ్మ అని చెప్పింది.

పొరపాటున పెట్టామనీ, మీ అమ్మగారు అలా కనిపించడం ఇష్టపడలేదనీ తడబడుతూ ఏదేదో చెప్పాను. ఆవిడ వినలేదు. తల్లి పోయేనాటికి తనకి తొమ్మిదేళ్ళట. రాత్రుళ్ళు తల్లి పక్కన పడుకుని ఆ బుగ్గ మీద గుంటలు వేలితో తడుముతూ నిద్రపోయేదట. వాళ్ళింట్లో గోడమీద మా నాన్న తీసిన ఫొటో ఉంది, నువ్వు దిద్దినది. అందులో గుంటలు లేవు. తమ్ముడు మరీ చిన్నవాడు, అతనికి గుర్తులేదు, తండ్రి ఆ మాటెత్తనిచ్చేవాడు కాదు, చుట్టాలందరూ మీ అమ్మది ముత్యంలాంటి మొహం అనేవారు. కొంచెం పెద్దయ్యాక తనకే అనుమానం వచ్చిందట, ఆ గుంటలు తాను కల్పించుకుందేమోనని. నలభై ఏళ్ళు ఆ అనుమానంతో ఉంది.

ఆవిడ చెయ్యి పైకెత్తి, ఆ కాగితం బుగ్గ మీద వేలు పెట్టింది. "ఉన్నాయి" అంది. అంతే. నా చేతిలో స్టూలు అలాగే ఉండిపోయింది.

తమ్ముణ్ణి తీసుకొచ్చి చూపించేదాకా దింపొద్దని బతిమాలింది. ఆయన వేరే ఊళ్ళో ఉంటాడు, వచ్చే నెల మధ్యలో వస్తాడు. అందుకే ఉంచాను. మచ్చలు పోయిన ఫొటో ఎవరు దిద్దారని అడిగింది. మా అత్త అని చెప్పాను. మీ అమ్మగారే వచ్చి అడిగారని కూడా చెప్పాను. అప్పుడు కింద కూర్చుని ఏడ్చింది. నా కోసమే చేయించిందా అని అడిగింది. అవునన్నాను. నీ మీద ఆవిడకి కోపం లేదు, అత్తా. ఒకసారి చూడాలని ఉందట.

నేను చేసింది తప్పు కాదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. తప్పే. నువ్వు మూడు రోజులు కూర్చుని ఇచ్చిన మాటను నేను నిమిషంలో తుడిచేశాను. కానీ ఆవిడ వేలు ఆ కాగితం మీద పెట్టినప్పుడు నేను అక్కడ ఉన్నాను. నీకు చెప్పకుండా ఉండలేను.

ఇంక ఏం చెయ్యమంటే అది చేస్తాను. బొమ్మ దింపమంటే ఆవిడ తమ్ముడు వెళ్ళిన మరునాడే దింపుతాను.

నీ గడుగ్గాయి


మేడమీద గది
ఆగస్టు 8

గడుగ్గాయికి,

నీ ఉత్తరం మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మొదటిరోజు నీ మీద కోపం, రెండోరోజు నా మీద, మూడోరోజు ఎవరి మీదా లేదు.

ఆ తల్లి అడిగింది నేను చేశాను. దానికి నేను సిగ్గుపడను. పిల్లలకి మంచి మొహం మిగల్చాలనుకుంది, మిగిల్చాను. కానీ ఆ పిల్ల నలభై ఏళ్ళు నా గీతల వెనకాల తల్లిని వెతుక్కుందని నేనెరగను. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది మొహాలు నున్నగా చేశానో, ఆ ఇళ్ళల్లో ఎవరు ఏం వెతుక్కున్నారో నాకెప్పుడూ తట్టలేదు. అడిగినవాళ్ళ మాటే విన్నాను. అడగడానికి రాని పిల్లల మాట వినలేదు.

ఆ అమ్మాయికి రెండూ ఇవ్వు. మా అన్నయ్య ప్రింటు ఎలాగూ వాళ్ళింట్లో ఉంది, నువ్వు తుడిచినది కూడా ప్రింటు వేసి ఇవ్వు. తల్లి ఇవ్వాలనుకున్నదీ, పిల్ల దాచుకున్నదీ, రెండూ ఆ ఇంటివే. గోడ మీది బొమ్మ ఏం చెయ్యాలో ఆ అక్కాతమ్ముళ్ళనే అడుగు. నాకు దింపమనే హక్కు ఎంత ఉందో, వాళ్ళకి ఉంచమనే హక్కు అంత ఉంది. కొంచెం ఎక్కువే ఉందేమో.

తుడిచిన మిగతా వాటిని బయట పెట్టకు. సొంతవాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళకి మాత్రం చూపించు. మిగతా పెట్టెల్లో నేను దిద్దిన మొహాలను దిద్దినట్టే పెట్టండి. పక్కలైటు ఫొటోలు మీ బీరువాలో ఉండనీ, పని నేర్చుకునేవాళ్ళు చూసుకుంటారు. ఇది మేడమ్‌కి నా షరతని చెప్పు. ఆవిడ ఒప్పుకుంటే నేనే వస్తాను. బస్సు ప్రయాణం పడదు కానీ పడుతూ లేస్తూ వస్తాను. కిటికీ దగ్గర ఒక కుర్చీ వెయ్యండి. పదిహేను పెట్టెల్లో ఏది దిద్దానో, ఏది దిద్దలేదో నేను చూస్తే కానీ మీకు తెలియదు. చెవులతో పని లేదు కదా, కళ్ళు బాగున్నాయి. ఆ కుట్టుపని అమ్మాయిని కూడా ఆ రోజు రమ్మను.

ఇంక గడి సంగతి. పెట్టు. గీతలు చూపించకుండా పేరు ఒక్కటీ రాయడంలో ఎవరి గుట్టూ రట్టు కాదు. ఇంత చిన్న సంగతి నాకు ముందే తట్టలేదు, మీ నాన్నకి ఎప్పటికీ తట్టలేదు.

ఆ నాలుగు వందల పన్నెండింటికి మాత్రం రెండు గడులు చాలవు. మూడు పెట్టు. తీసింది మా అన్నయ్య. దిద్దింది నేను. తుడిచింది నువ్వు. ఆ మూడోది రాయడానికి నీకు చెయ్యి రాదని నాకు తెలుసు. అయినా రాయి. ఏ పని ఎవరు చేశారో దాచిపెట్టడం మన ఇంట్లో నాతోనే ఆఖరు కావాలి.

నీ అత్త